సెక్షన్ల సారు అమ్మిన సూర్యోదయం

ఆ రోజుల్లో బెంగళూరు పేటలో చదువుకున్న ప్రతి కుర్రవాడికీ ఒకటే పిచ్చి. దండు వైపు, అంటే కంటోన్మెంటు వైపు, మిలిటరీ లారీలు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నా, బియ్యానికీ కిరసనాయిలుకూ కార్డు పట్టుకుని వరసలో నిలబడవలసి వచ్చినా, మా కళ్ళు మాత్రం అమల్దారు కుర్చీ మీదే ఉండేవి. (మైసూరు సంస్థానంలో తాసీల్దారుకు ఆ పేరు. జరీ తలపాగా, మెలితిప్పిన మీసం, ముందు నడిచే బంట్రోతు, ఇవన్నీ ఆ పేరుతోనే కలిసి వచ్చేవి.) ఇప్పటివాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి మొహమాటం లేకుండా నేనే చెబుతున్నాను: ఆ సంస్థానానికి ముగ్గురు అమల్దార్లను నా చేత్తో తయారుచేసి ఇచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సివిల్ సర్వీసు పరీక్షలో వ్యాసాన్ని ఎలా ముగించాలో పేట మొత్తం మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా ముగింపు చదివి పేపర్లు దిద్దే పెద్దమనిషి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడని వినికిడి. (ఆ వినికిడిని పుట్టించింది కూడా నేనే. దాని సంగతి తరవాత.)

మాది కబ్బన్‌పేట. ఇంట్లో నాలుగు పట్టు మగ్గాలు. వీధి గుమ్మం దాటి లోపలికి వస్తే మనిషికన్నా ముందు మగ్గం చప్పుడే పలకరించేది. నాయన నేసేవాడు, నేయించేవాడు, నేసినవి చిక్కపేట అంగళ్ళకు వేసేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్దది మా అక్క, అప్పటికింకా పెళ్ళి కాలేదు. దొడ్డబళ్ళాపురం పక్క పల్లెలో పెదనాన్న పోయాక ఆయన భార్యా, కొడుకూ మా ఇంటికే వచ్చేశారు. ఆ కొడుకే పొడుగన్న. మా ఇంటి గుమ్మానికి వాడి నుదురు తగలని రోజు లేదు. పెద్దమ్మ పొద్దున లేచింది మొదలు రాట్నం ముందు కూర్చుని పట్టు దారం కండెలకు చుట్టేది. వెంట్రుకకన్నా సన్నని పోగు అది. తెగితే వెతికి ముడివెయ్యాలి. ఆ ఏడు ఆమె తెగిన కొసను కళ్ళతో వెతకడం మానేసి వేళ్ళతో తడుముతూ ఉండటం మేమంతా చూశాము, చూసి ఎవరమూ ఏమీ అనలేదు. పొడుగన్న మాత్రం ఒకసారి అన్నాడు, "మా యమ్మను ఆ రాట్నం ముందరి నుంచి లేపల్లరా, తమ్ముడూ. దానికి నాకు ఇదొగటే దారి." వాడికి ఆ పరీక్ష అదే ఆఖరుసారి. మరుసటి ఏటికి వయసు మీరిపోతుంది. నాకు అంత పెద్ద కారణమేమీ లేదు. ఈసారి తప్పితే మూడో మగ్గం గుంతలో కూర్చోవాలని నాయన చెప్పేశాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడమంటే బి.ఏ. చదివిన నాకు సమాధి అయినట్టే అనిపించేది.

పరీక్ష నెగ్గించే మహానుభావుడు బళేపేటలో ఉండేవాడు. కింద హార్మోనియాలూ తంబురాలూ అమ్మే అంగడి, పైన ఆయన విద్యాలయం. ఆయన ఆ పరీక్షను నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పాడు. దాన్ని దాచేవాడు కాదు, బోర్డు మీద రాయించుకోనందుకే మేము ఆశ్చర్యపోయేవాళ్ళం. "తప్పే దావలన్నీ నాకు తెలుసు మిస్టర్. నువ్వు వాటి పక్కన నడిస్తే చాలు" అనేవాడు. ఆయన కనిపెట్టిన గొప్ప విషయం ఏమిటంటే చదువును ముక్కలుగా కోసి అమ్మడం. మొత్తం పన్నెండు సెక్షన్లు. ఏది కావాలంటే అది, ఏ వరసలో కావాలంటే ఆ వరసలో. ఒక్కొక్క దానికీ వేరే ఫీజు, వేరే నోటుబుక్కు, చివర గుండ్రటి రబ్బరుముద్ర వేసిన సర్టిఫికెట్టు. అందుకే ఆయన అసలు పేరు అందరం మరిచిపోయి సెక్షన్ల సారు అనేవాళ్ళం. చరిత్రలో యుద్ధాలు ఒక సెక్షను, సంధులు ఇంకొక సెక్షను. యుద్ధాలు మాత్రమే కొనుక్కున్న మల్లేశ్వరం అబ్బాయి ఒకడు ప్రపంచంలో మొదలైన యుద్ధాలేవీ ఇంతవరకూ ఆగలేదనే నమ్మకంతో తిరిగేవాడు. (బయట అప్పుడు నిజంగానే ఒకటి ఆగకుండా జరుగుతూ ఉండటంతో వాడితో వాదించడం కష్టంగా ఉండేది.) భూగోళంలో నదులు వేరు, పర్వతాలు వేరు. నదులు ఎక్కడ పుడతాయని అడిగితే అది పర్వతాల సెక్షనులో వస్తుందనేవాడు. మౌఖిక పరీక్షకు కుర్చీ సెక్షను అని ఒకటి. గది మధ్యలో చేతుల కుర్చీ ఒకటి వేసి, తలుపు దగ్గర నుంచి దానిదాకా ఎలా నడవాలో, దానిలో ఎంత భాగం మీద కూర్చోవాలో ఆరువారాలు నేర్పేవాడు. ముందు సగం మీద కూర్చుంటే వినయం, వెనక్కి వాలితే అహంకారం, సరిగ్గా నడుమ కూర్చుంటే పాలనాదక్షత.

ఇక వ్యాసం. అది పరీక్షకు గుండెకాయ కాబట్టి సారు దాన్ని మూడు ముక్కలు చేశాడు: ఆరంభం, నడుమ, ముగింపు. ఆ జాబితా ఇంటికి తెచ్చి నాయన ముందు పెడితే, ఆయన పోగు దాటించే నాడెను చేతిలోనే ఆపి ఆలోచించాడు. మా నాయన జీవితంలో ఏ ప్రశ్న వచ్చినా జవాబు చీరలోనే వెతికేవాడు.

"చీర కొనేదానికి వచ్చినామె ఏం చూస్తాదప్పా?" అన్నాడు. "కొంగు చూస్తాది. అంచు చూస్తాది. ఆరు గజాలూ విప్పి నడుమ ఏముండాదో చూసినామెను నేను ఇంతవరకూ చూళ్ళేదు. పేపరు దిద్దేవోడు మాత్రం అంతే కదా, వాని ముందర ఎన్ని కట్టలుంటాయో ఏమో. కాబట్టి పెద్దోడు మొదలు నేర్చుకోనీ, చిన్నోడు కడ నేర్చుకోనీ. ఇంటికొచ్చి ఒగనికొగడు చెప్పుకోండి. ఒగ పడుగు మీద ఇద్దరు నేసేది మనకేమన్నా కొత్తా?"

రాట్నం పక్కన కూర్చుని పోగులు విడదీస్తున్న మా అక్క తల ఎత్తకుండానే అడిగింది, "నడుమ చినిగి ఉంటే కట్టుకునేదెట్ల, నాయనా?"

"నువ్వు సుమ్మనుండమ్మా. నడుమ ఎవురైనా నేస్తారు" అన్నాడు నాయన. బి.ఏ. చదివిన ఇద్దరమూ బుద్ధిగా తల ఊపాము. సెక్షన్ల సారు కూడా మా నాయన తెలివికి ముచ్చటపడ్డాడు. నడుమ సెక్షను సంగతి అడిగితే, "తయారవుతా ఉండాది మిస్టర్, వచ్చే నెల" అన్నాడు. ఆ వచ్చే నెల ఆయన విద్యాలయం మూతపడే దాకా రాలేదు. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు నాకు తోచేదేమిటంటే, దేనికైనా మొదలూ చివరా అమ్మడం తేలిక, నడుమ అమ్మాలంటే అమ్మేవాడికి కాస్తయినా విషయం తెలిసి ఉండాలి. ఇప్పుడు మా వీధి చివర అద్దాల మేడలో మనవడి వయసు పిల్లలు నెలకొక ముక్క చొప్పున ఇలాంటి పరీక్షకే చదువు కొనుక్కుంటున్నారు. వాళ్ళలో ఒకణ్ణి ఆపి, "నడుమ సెక్షను వచ్చిందా?" అని అడగాలని నోటిదాకా వస్తుంది.

ముగింపు సెక్షనులో మేము తొమ్మిదిమందిమి. సారు దగ్గర మొత్తం ఏడు ముగింపులు ఉండేవి. హెచ్చరిక ముగింపు, ప్రార్థన ముగింపు, ప్రశ్న ముగింపు, మరి మూడు నాసిరకం, అన్నిటికన్నా పైన సూర్యోదయం. అది ఇంగ్లీషులో ఉండేది, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "చీకటి తొలగుచున్నది. తూర్పున అరుణరేఖ పొడచూపుచున్నది. ఆ వెలుగులో మన ప్రియమైన సంస్థానము తల ఎత్తి నిలుచుట నేను చూచుచున్నాను." దీన్ని మేమంతా కలిసి గట్టిగా చదివేవాళ్ళం. కింద అంగట్లో హార్మోనియం సరిచూసేవాడు ఆ సమయానికే ఏదో ఒక మెట్టు నొక్కి పట్టుకునేవాడు, ఆ శ్రుతిలో మాకు ఒళ్ళు గగుర్పొడిచేది. సూర్యోదయం గొప్పతనం ఏమిటంటే ఏ వ్యాసానికైనా అతుకుతుంది. పశువులకు గాలికుంటు జబ్బు అని ఇచ్చినా చివర సూర్యుడు వచ్చేవాడు, పట్టణాల్లో మురుగుకాలవలు అని ఇచ్చినా వచ్చేవాడు. ఒకసారి సూర్యగ్రహణం ఇచ్చారు. అప్పుడు కూడా వచ్చాడు, అప్పుడే కాస్త అర్థవంతంగా వచ్చాడు. "పదిలంగా పెట్టుకో మిస్టర్. ఇది ఒకడు రాస్తే ఉద్యోగం, పదిమంది రాస్తే కాగితం" అని సారు నా భుజం తట్టాడు. (తొమ్మిదిమందికీ అదే మాట చెప్పి తొమ్మిది భుజాలూ తట్టాడని నాకు తరవాత తెలిసింది.)

ఆదివారం పూట పొడుగన్నా నేనూ లాల్‌బాగ్ బండ ఎక్కేవాళ్ళం, ఒకరికొకరు చెప్పుకోవడానికి. వాడు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఆరంభం సెక్షనులో విన్నది విన్నట్టు, చివరికి సారు దగ్గిన చోటు కూడా వదలకుండా చెప్పేవాడు. "మొదలుపెట్టేదానికి ముందర మనకు ఏం తెలుసో అది ఒగ పక్కన రాసుకోవల్లంట తమ్ముడూ. ఇంత మాటకు ఒగ సెక్షనా అని నాకు బేజారయింది. అయినా నిజమే కదా?" అనేవాడు. నేను మొహం మీద తువ్వాలు కప్పుకుని, ఆ బండ మీది గాలికి హాయిగా నిద్రపోయేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి లేచి కూర్చుని ఘనంగా నేర్పేవాణ్ణి. ఎంత ఘనంగా అంటే...

ఇక్కడ కలం కాస్త ఆగుతోంది. ఒప్పుకోవలసినవి కొన్ని ఒప్పేసుకుంటే గాని ముందుకు పోయేటట్టు లేదు. మొదట చెప్పిన ముగ్గురు అమల్దార్లలో ఒకడు మా వీధివాడు, నా దగ్గర ఒకసారి అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు, అంతకు మించి నేను వాడికి ఇచ్చిందేమీ లేదు. రెండోవాడు అమల్దారు కాడు, అమల్దారు కచేరీలో గుమాస్తా. మిగిలింది పొడుగన్న ఒక్కడు. ఆ ఒక్కడికీ నేను నేర్పిన ముగింపులు ఎన్నంటే, ఏడులో మూడు. అవి కూడా ఆ నాసిరకం మూడు. సూర్యోదయం మాట వాడి దగ్గర ఎత్తనే లేదు. ఖాళీ ఉన్న ఉద్యోగాలు నాలుగైదే. ఒక ఇంటి నుంచి ఇద్దరిని ఎవరు తీసుకుంటారని నా లెక్క. ఆ లెక్కలో పెద్దమ్మ వేళ్ళు ఎక్కడా లేవు, నా కాళ్ళూ మగ్గం గుంతా మాత్రమే ఉన్నాయి. వాడు చూస్తాడేమోనని నా నోటుబుక్కును మూడో మగ్గం గుంతలో, కూర్చునే పలక కింద దాచాను. ఆ మగ్గం అప్పుడు ఖాళీగా ఉండేది. "నీ బుక్కు ఒగసారి ఇస్తావా తమ్ముడూ?" అని వాడు అడిగితే, "స్నేహితుడు తీసుకుపోయినాడన్నా" అన్నాను. "సరే, వచ్చినాక ఇద్దువులే" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

అయితే మనిషిలో మంచి అనేది పూర్తిగా చచ్చిపోదు కదా. పరీక్షకు వారం ఉందనగా ఒక మధ్యాహ్నం పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని తెగిన కొస కోసం తడుముకుంటూ, "ఎవురన్నా రాండప్పా, కొస కనపడలే" అంది. దగ్గర్లో నేనొక్కణ్ణే ఉన్నాను. కొస వెతికి ముడివేసి ఇచ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మా వోనికి అన్నీ నేర్పిస్తా ఉండావంట. నీ కడుపు చల్లగుండ" అంది. అప్పుడు నాలో ఏదో విరిగింది. తిన్నగా మూడో మగ్గం దగ్గరికి వెళ్ళి, పలక ఎత్తి, నోటుబుక్కు తీసి, సాయంత్రం పొడుగన్న రాగానే వాడి రెండు చేతుల్లో పెట్టి, "అన్నా, ఇది నీది. సూర్యోదయం నలభయ్యో పేజీలో ఉండాది" అన్నాను. వాడు నన్ను కౌగిలించుకున్నాడు. ఇద్దరం ఏడ్చాం. మగ్గాలు కూడా ఆ క్షణాన ఆగిపోయినట్టు నాకు గుర్తు. ఈ ఘట్టాన్ని నేను పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఒకసారి రైల్లో పరిచయం లేనివాళ్ళకు కూడా చెప్పి ఆడవాళ్ళ కళ్ళు తడిపాను. పొడుగన్న ఎదురుగా ఉన్నప్పుడు కూడా చెప్పేవాణ్ణి. వాడు తల వంచుకుని కాఫీ తాగుతూ నవ్వేవాడు.

పరీక్ష రోజు వ్యాసానికి ఇచ్చిన విషయం, పల్లెల్లో చెరువుల మరమ్మతు. నేను కలం తీసి మొదటి వాక్యం కోసం చూశాను. లేదు. బండ మీద పొడుగన్న చెప్పిన ఆరంభాలన్నీ తువ్వాలు అవతలే ఉండిపోయాయి. అప్పుడు నాలోని నేతగాడు సలహా చెప్పాడు: మా మగ్గాల మీద కొన్ని చీరలు కొంగుతోనే మొదలవుతాయి. అలాగే చేద్దామని ఆన్సరు పుస్తకం చివరి పేజీ తీసి, ముందుగా సూర్యోదయాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో నేసిపెట్టాను. ఇక వెనక్కి నడుచుకుంటూ వద్దామని చూస్తే, సూర్యుడికీ చెరువుకూ మధ్య రాయడానికి నాకు తెలిసింది ఒక్క ముక్క లేదు. పేటలో పుట్టి పెరిగినవాణ్ణి, చెరువు గట్టు తెగితే ఏమవుతుందో నేనెక్కడ చూశాను? నడుమ ఏడు పేజీలు వదిలి, మొదటి పేజీలో విషయం పేరు రాసి, దాని కింద రెండు గీతలు గీశాను. గంట కొట్టేశారు. పేపర్లు దిద్దినాయన మొదట శీర్షిక చూసి ఉంటాడు, తరవాత ఏడు తెల్ల పేజీలు తిప్పి ఉంటాడు, ఆ తెలుపులోనుంచి ఉన్నట్టుండి మన ప్రియమైన సంస్థానం తల ఎత్తి నిలబడి ఉంటుంది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడన్న వినికిడి అక్కడ పుట్టింది. నవ్వలేక తుడుచుకుని ఉంటాడని ఇప్పుడు అనుకుంటున్నాను.

పొడుగన్న నెగ్గాడు. మౌఖిక పరీక్షలో కుర్చీ దాకా నడిచే దారిలో గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడట, కూర్చున్నాక వాళ్ళే మంచినీళ్ళు ఇప్పించి ఎక్కువ ప్రశ్నలు వేయకుండా పంపారట. కొంతకాలానికి ఒక తాలూకాకు అమల్దారయ్యాడు. పెద్దమ్మను తీసుకుపోయే రోజు ఆమె రాట్నాన్ని గోడకు చేరవేసి, దాని మీద పాత చీర కప్పి, దండం పెట్టి వెళ్ళింది. నేను మూడో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాను. అది సమాధి కాలేదు. నాలుగేళ్ళు నేశాను, తరవాత చిక్కపేటలో అంగడి చూసుకున్నాను. కొంగు విప్పి విసిరితే కొనేవాళ్ళు నోరు తెరిచి చూసేటట్టు చెయ్యడంలో నాకు మించినవాడు లేడు. సెక్షన్ల సారుకు నేను కట్టిన గురుదక్షిణ అదే.

ఇంతవరకూ రాసి, మొన్న మా అక్కకు చదివి వినిపించాను. ఆమెకు ఒక చెవి వినపడదు, రెండోది కావలసినదానికన్నా ఎక్కువ వినపడుతుంది. వక్కలు కత్తిరించుకుంటూ అంతా విన్నది. పొడుగన్న పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. నేను కాగితాలు మడిచి, ఇక ఒక మంచి చివరి మాట రాయాలనీ, ఆ వయసులో ఉన్న నన్ను తలుచుకుంటే నవ్వూ జాలీ రెండూ వస్తున్నాయనీ అన్నాను.

"ఎవురి చేతిలో పెట్టినావురా బుక్కు?" అంది అక్క.

"అన్న చేతిలో."

"అబద్ధం. ఆ పొద్దు నువ్వు కొస ముడేసింది నిజం. పెద్దమ్మ దీవించింది నిజం. ఆపైన నువ్వు పోయి పండుకున్నావు. గుంతలో కసువు ఊడ్చేదానికి దిగి పలక ఎత్తింది నేను. ఆ బుక్కుకు అట్ట వేసింది కూడా నేనే, నాకు తెలీదా? తీసి నేనే వాని చేతికిచ్చినా."

నేను కాగితాలు మళ్ళీ విప్పి, ఆ ఘట్టం ఉన్న పేజీ తీశాను. ఆ నోటుబుక్కు పరీక్ష ముందురోజు దాకా పలక కింద నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. రోజూ దిగి చూసుకున్నవాణ్ణి నేను. ఆ మాటే నసుగుతూ అన్నాను.

"ఉండకేం?" అంది అక్క, వక్కపలుకు నోట్లో వేసుకుంటూ. "ఆడనే నిలబడి నీ సూర్యోదయం చదివినాడు. నవ్వినాడు. 'ఇది రాస్తే నా కడుపు కొట్టుకున్నట్టేక్కా, మా ఊరి చెరువు గట్టు తెగిన కత మాదిరి నేను చూసింది ఏదన్నా రాసుకుంటా' అన్నాడు. మళ్ళా వాడే గుంతలోకి దిగి పలక కింద పెట్టేసినాడు. 'తమ్ముడు దాచుకున్నాడు పాపం, వానికి తెలిస్తే సిగ్గుపడతాడు, చెప్పొద్దు' అని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. వాడు పోయినాడు కాబట్టి చెప్తా ఉండా. నువ్వు పెళ్ళిళ్ళలో ఏడిపించినప్పుడంతా వాడు ఎందుకు నవ్వినాడో ఇప్పుడన్నా తెలిసిందా? రాస్తే ఇది రాయి. మళ్ళా సూర్యుణ్ణి పిలవొద్దు."